చూసే కంటికి వెలుగు

బయట లైట్లు కొనడానికి బజారుకు బయల్దేరే ముందు ఒక పని చేయండి. రాత్రి తొమ్మిది దాటాక, ఇంట్లో అందరికీ చెప్పి, బయటి లైట్లన్నీ ఆర్పేసి గేటు అవతల నిలబడండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి పది నిమిషాలన్నా పడుతుంది, ఆగండి. తర్వాత ఆ ఇల్లు మీది కాదనుకుని, ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్ళాలంటే ఎటునుంచి వెళ్ళొచ్చో చూస్తూ ప్రహరీ చుట్టూ నడవండి. వీధి దీపం వెలుతురు ఎంతవరకు వస్తోంది? పక్కింటికీ మీకూ మధ్య ఉన్న సందు వీధిలోంచి కనబడుతోందా? డాబా మెట్లు బయటినుంచే పైకి పోతున్నాయా? వంటింటి వెనక తలుపు ఏ కిటికీలోంచి కనిపిస్తుంది? గోడ పక్కన ఇసుక కుప్పో, పాత తలుపు చెక్కలో ఎక్కడానికి వీలుగా పడి ఉన్నాయా? ఒక కాగితం మీద ఇంటి ప్లాను గీసి ఈ చోట్లన్నీ గుర్తు పెట్టండి. లైట్లు ఎన్ని కావాలో, ఎక్కడ కావాలో ఆ కాగితంలో ఉంటుంది. షాపులో దొరికే సమాధానం వాట్ల గురించి మాత్రమే.

వీధిలో ఎక్కడో దొంగతనం జరిగిందని తెలియగానే మనలో చాలామంది చేసేది యాభై వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి తెచ్చి పోర్టికో మీద బిగించడం. ఇల్లంతా పట్టపగలులా ఉంటే దొంగ రాడని నమ్మకం. ఈ నమ్మకాన్ని కాస్త పక్కన పెట్టమని అడుగుతున్నాను. దొంగకు వెలుగంటే భయం ఉండదు, తనను ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఉంటుంది. చూసే కన్ను లేని చోట రాత్రంతా వెలిగే లైటు, తాళం విరిచేవాడికే పనికొస్తుంది. టార్చి తెచ్చుకునే శ్రమ కూడా వాడికి తప్పుతుంది.

దీని మీద జరిగిన పరిశోధనలు కూడా పైకి ఒకదానికొకటి పొసగనట్టే ఉంటాయి. 2016లో న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ పెద్ద లైటు స్తంభాలు నిలబెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు 36 శాతం తగ్గాయని తేలింది. అంతకు ముందు ఏడాది, 2015లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల లెక్కలు తీసి చూస్తే, వీధి దీపాలు ఆర్పేసినా, మసకబరిచినా నేరాలు పెరిగిన దాఖలా కనబడలేదు. నాకు అర్థమైనంతలో ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. జనం మసలే చోట, కిటికీలు తెరుచుకుని ఉండే చోట, వెలుగు మనిషి చూపుకు బలం ఇస్తుంది. చూసేవాళ్ళే లేని చోట దానికి ఆ బలం లేదు. కాబట్టి కాగితం మీద గుర్తు పెట్టుకున్న ప్రతి చోటుకూ ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ వెలుగు పడితే ఎవరు చూస్తారు? ఎదురింటివాళ్ళా, పడకగది కిటికీలోంచి మీరా, కెమెరానా? జవాబు దొరికితే అక్కడ లైటు పెట్టండి. దొరక్కపోతే ముందు తలుపుకు మంచి గడియ, కిటికీకి గ్రిల్లు చూసుకోండి.

ఇక కాంతి కంట్లో కొట్టడం గురించి. దీన్ని చదివి నమ్మనక్కర్లేదు, చేసి చూడండి. ఫ్లడ్ లైటు వీధివైపు తిరిగి ఉన్న ఏ ఇంటి ముందైనా నిలబడి, చేత్తో ఆ లైటును మాత్రం కంటికి అడ్డం పెట్టుకోండి. అంతవరకూ కనబడని గోడ మూల, మొక్కల వెనక జాగా, వరండాలో కుర్చీ ఒక్కసారిగా కనబడతాయి. చెయ్యి తీస్తే మళ్ళీ మాయమవుతాయి. అంటే ఆ లైటు తన వెనకాల ఎవరున్నా దాచిపెడుతోందన్నమాట. వెలుగు ఎంత పదునుగా ఉంటే, దాని పక్కన నీడ అంత చిక్కగా ఉంటుంది.

మా పిన్ని ఒకావిడ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కొడుకు బెంగళూరు నుంచి ఫ్లడ్ లైటు పంపించాడు. అది పెట్టాక పక్కింటావిడ రెండు రోజులకోసారి వచ్చి, "వదినా, మీ లైటు మా పడకగదిలో పడుతోంది, పిల్లలకి నిద్ర ఉండట్లేదు" అనేది. పిన్నికి కూడా హాల్లోంచి చూస్తే తెల్లటి మెరుపు తప్ప గేటు బయట నిలబడ్డ మనిషి ఆనేవాడు కాదు. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి దాన్ని తీయించి, సన్‌షేడ్ కింద ఒక తొమ్మిది వాట్ల లైటు, గేటు స్తంభానికి కొంచెం లోపలగా, నేలవైపు తిరిగి ఉండేలా ఇంకొకటి పెట్టించాం. "గేటు దగ్గర ఎవరొచ్చారో ఇప్పుడు మొహం తెలుస్తోందిరా" అంది. ఈ అధ్యాయంలో ఇన్ని మాటలు చెబుతున్నది ఆ మొహం తెలియడం కోసమే.

అందుకని బిగించే తీరు ఇలా ఉండాలి. ఎత్తు ఎనిమిది నుంచి పది అడుగులు. అంతకంటే కిందికైతే చెయ్యి అందుతుంది, బల్బు విప్పేయడం తేలిక. మరీ పైకి పోతే వెలుగు నడినెత్తిన పడి కళ్ళు, బుగ్గలు నీడలో ఉండిపోతాయి. లైటు అద్దం నేలవైపు చూడాలి. వీధిలో నడిచేవాళ్ళకు వెలుగు పడ్డ నేల కనబడాలి గాని లోపలి ఎల్.ఈ.డి. చుక్కలు కనబడకూడదు. ఒకటే పెద్ద లైటు కన్నా రెండు వైపుల నుంచి రెండు చిన్నవి మేలు, ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది.

వాట్లు చూసి కొనే అలవాటు ఫిలమెంటు బల్బుల కాలం నాటిది. వెలుగును కొలిచేది ల్యూమెన్లలో. పాత అరవై వాట్ల బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు తొమ్మిది పది వాట్ల ఎల్.ఈ.డి. అంతకంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. నూటయాభై, రెండొందల గజాల స్థలంలో కట్టిన ఇంటికి గేటు దగ్గర తొమ్మిది పది వాట్లది ఒకటి, సందులో ఐదో ఏడో వాట్లది, పెరట్లో కదలికకు వెలిగేది పది వాట్లది సరిపోతాయి. పది వాట్ల లైటు రోజుకు పదకొండు గంటలు వెలిగితే ఏడాదికి 40 యూనిట్లు. యాభై వాట్లదైతే 200 యూనిట్లు. మన బిల్లు శ్లాబుల లెక్కన వస్తుంది కాబట్టి, ఆ తేడా మిమ్మల్ని పై శ్లాబులోకి నెట్టొచ్చు.

రంగు విషయంలో కాస్త పట్టుదలగా ఉండండి. షాపుల్లో అడక్కుండా చేతికిచ్చేది 6500 కెల్విన్ల తెల్లటి, కొంచెం నీలం కలిసిన వెలుగు. మీరు 3000 కెల్విన్ల వార్మ్ వైట్ అడగండి. నీలం పాలు ఎక్కువున్న వెలుగుకు పురుగులు ఎక్కువగా వస్తాయి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లైటు చుట్టూ ఎలా మూగుతాయో మనకు తెలుసు. తలుపు నెత్తినే తెల్ల లైటు ఉంటే అవన్నీ గుమ్మంలో రాలతాయి, వాటి కోసం బల్లులు, కప్పలు చేరతాయి, కప్పల కోసం పాము వస్తుంది.

పాము మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. భద్రత లైటు అనగానే దొంగే గుర్తొస్తాడు గాని, మన పల్లెల్లో, ఊళ్ళ శివార్లలో కట్టిన కొత్త కాలనీల్లో, అసలు ప్రమాదం కాళ్ళ కిందే ఉంటుంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోయారు. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య వానల రోజుల్లోనే. ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాత్రిపూట బయటి బాత్రూముకు వెళ్ళే దారి, మోటారు వేసే స్విచ్చు దగ్గర, గేదెల పాక వాకిలి, డాబా మెట్ల మొదటి మెట్టు, చివరి మెట్టు: ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందుగా లైటు పెట్టాల్సినవి ఇవి, ఆ తర్వాతే గేటు. ఇక్కడ లైటు గుమ్మం మీద కాకుండా దారికి పక్కగా, పురుగులు రాలినా నడిచే చోట పడకుండా ఉండాలి. స్విచ్చు మాత్రం ఇంట్లో, గడప దాటక ముందే చేతికందే చోట ఉండాలి. చీకట్లో నాలుగడుగులు వేసి లైటు వేసుకునే ఏర్పాటు వల్ల ఉపయోగం లేదు.

సెన్సర్లు రెండు రకాలు. చీకటి పడగానే వెలిగి, తెల్లారగానే ఆరిపోయేవి ఒకటి. గేటు దగ్గర ఇవి మంచివి. ఊరెళ్ళినప్పుడు పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు, ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ చాటింపు వేస్తుంది. ఈ సెన్సరు ఉంటే ఆ బెడద పోతుంది. అయితే దాని కంటిమీద అదే లైటు వెలుగు పడకూడదు, పడితే తెల్లారిందనుకుని ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది, రాత్రంతా అదే వరస. రెండోది కదలికకు వెలిగేది, పి.ఐ.ఆర్. సెన్సరు. పెరట్లో, సందులో దీనికి మించింది లేదు. ఉన్నట్టుండి వెలుగు రావడమే లోపల ఉన్నవాళ్ళకు కబురు, బయటున్నవాడికి హెచ్చరిక.

పి.ఐ.ఆర్. ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం ఇబ్బందులు తీరతాయి. అది కదలికను నేరుగా చూడదు. మనిషి ఒంటి వేడికీ, వెనక ఉన్న గోడ వేడికీ ఉన్న తేడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడాన్ని పట్టుకుంటుంది. అందువల్ల తనవైపు ఎదురుగా నడిచొచ్చేవాడి కంటే, తన ముందు అడ్డంగా దాటేవాణ్ణి బాగా గుర్తిస్తుంది. సన్నటి సందు చివర, పొడుగునా చూసేట్టు పెడితే మనిషి దగ్గరికి వచ్చేదాకా తెలియకపోవచ్చు. సందులోకి అడుగుపెట్టే చోట పక్కగోడకు పెడితే, దాటక తప్పదు కాబట్టి దొరుకుతాడు. ఇంకో సంగతి మన ఎండలకే ప్రత్యేకం. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రాత్రి ఎనిమిదింటికి కూడా గోడలు మనిషి ఒంటి వేడికి దగ్గరగా కాగి ఉంటాయి. అప్పుడు సెన్సరుకు తేడా తెలియదు. డబ్బా మీద పది మీటర్లని రాసినా నాలుగైదు మీటర్లకే వెలగొచ్చు. కాబట్టి వీలైతే ఎండాకాలం రాత్రే పరీక్షించి చోటు ఖాయం చేయండి. చలికాలంలో పిల్లికీ కుక్కకీ వెలుగుతుంటే సెన్సరు కింద ఉండే మరను కొంచెం తగ్గిస్తే చాలు. టైము, లక్స్, సెన్స్ అని మూడు మరలుంటాయి, వెలిగి ఉండే సమయం నిమిషానికి తగ్గకుండా పెట్టండి. ఏసీ బయటి యూనిట్ వేడిగాలి ఊదే చోటికి, గాలికి ఊగే అరటాకుల వైపుకు సెన్సరు ముఖం తిప్పకండి.

డబ్బా మీద చూడాల్సినవి ఎక్కువేమీ లేవు. వాన నేరుగా పడే చోట ఐపీ 65 ఉండాలి, అంటే దుమ్ము చొరదు, నీటి ధార తగిలినా లోపలికి పోదు. సన్‌షేడ్ కింద, జల్లు మాత్రమే కొట్టే చోట ఐపీ 44 చాలు. బి.ఐ.ఎస్. గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. సర్జ్ ప్రొటెక్షన్ ఎన్ని కిలోవోల్టులో రాసి ఉంటే ఎక్కువున్నది తీసుకోండి, ఉరుములు మెరుపుల రోజుల్లో ముందుగా పోయేది లైటు లోపలి డ్రైవరే. సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధుల్లో పాత దీపాలు పోయి ఎల్.ఈ.డి.లు వచ్చాయి, ఇళ్ళలోనూ అవే వచ్చాయి. అయితే ఉప్పుగాలికి మామూలు ఇనుప మరలు, క్లాంపులు ఒకటి రెండేళ్ళలో తినేసినట్టవుతాయి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి విడిగా కొని ఇవ్వండి. ఖర్చు చాలా తక్కువ.

ఇప్పుడు వైరింగు. ఈ భాగంలో నేను చెప్పేది ఒక్క అక్షరం కూడా వదలొద్దని వేడుకుంటున్నాను. వానాకాలం వస్తే మన పేపర్లలో ఒకటే రకం వార్త మళ్ళీ మళ్ళీ చదువుతాం: బట్టలు ఆరేసే ఇనుప తీగకు కరెంటు వచ్చి తల్లి పడిపోవడం, పట్టుకోబోయిన కొడుకు కూడా పోవడం. ఆ తీగను లైటు క్లాంపుకో, సర్వీసు వైరు ఆనుకున్న కమ్మీకో కట్టి ఉంటారు. ఇంటిని కాపాడడానికి పెట్టిన లైటు ఇంటిమనిషిని తీసుకుపోకూడదు. అందుకని ఇనుప గేటుకు, గ్రిల్లుకు, రేకుల షెడ్డు గొట్టానికి లైటు నేరుగా బిగించకండి. గోడకో, సిమెంటు స్తంభానికో బిగించండి. దండేనికి నైలాను తాడు వాడండి, ఆ తాడును కూడా లైటుకు దూరంగా కట్టండి. లోహపు ఒళ్ళున్న ప్రతి లైటుకూ ఎర్తు తీగ తప్పనిసరి, మూడు తీగలున్న కేబులే వాడాలి. బయటి లైట్లకు 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగతో విడిగా ఒక సర్క్యూటు, దానికి ఒక ఎం.సి.బి., దానికి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. లీకేజీ వస్తే ఎం.సి.బి. పట్టించుకోకపోవచ్చు, మనిషి ప్రాణం నిలిపేది ఆర్.సి.సి.బి. ఇంట్లో అది లేకపోతే, లైట్ల సంఖ్య తగ్గించుకుని అయినా ముందు అది పెట్టించండి.

స్విచ్చు ఫేజు మీదే ఉండాలి. స్విచ్చు ఆపినా ఎల్.ఈ.డి. సన్నగా మినుకుమంటోందంటే, స్విచ్చు న్యూట్రల్ మీద ఉందేమోనని ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. అలా ఉంటే స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. టేపు చుట్టిన జాయింట్లు వానలో పనికిరావు, అవి నీళ్ళు చొరని జంక్షన్ బాక్సులో ఉండాలి. తీగ లైటులోకి వెళ్ళే ముందు కిందికి కొంచెం వంపు తిరిగి పైకి వెళ్తే, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. సిలికాన్ పూసేటప్పుడు లైటుకూ గోడకూ మధ్య పైన, రెండు పక్కలా పూసి, కింద వదిలేయాలి, లోపల చేరిన చెమ్మకు దారి కావాలి. నిచ్చెన వేసే పని ఉంటే సర్వీసు వైరు ఎటుందో ముందు చూసుకోండి. దాని దగ్గర అల్యూమినియం నిచ్చెన వేయనివ్వకండి.

కరెంటు పోయినప్పుడే చీకటి, అప్పుడే భయం. అందుకని గేటు లైటు, పెరటి సెన్సరు లైటు ఇన్వర్టరు లైను మీద ఉండాలి. రెండూ కలిపినా ఇరవై వాట్లు దాటవు. ఇన్వర్టరు లైను న్యూట్రల్, మామూలు లైను న్యూట్రల్ ఎక్కడో కలిసిపోతే ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతూ ఉంటుంది. కొందరు విసిగి దాన్నే తీయించేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. న్యూట్రల్‌లు విడదీయించండి.

సోలారు లైట్ల మీద వందల వాట్లని రాసి ఉంటుంది, ఆ అంకె వదిలేసి బ్యాటరీ చూడండి. 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది 19 వాట్ అవర్లు. అంటే రెండు వాట్ల వెలుగు తెల్లవారుజాము దాకా రావచ్చు, అంతే. తీగ లాగలేని పొలం గేటుకు, పాకకు అవి మంచివి. ప్యానెల్ దక్షిణానికి, పదిహేను డిగ్రీల వాలుతో, చెట్టు నీడ పడకుండా ఉండాలి. ముసురు పట్టిన వారంలో మాత్రం వాటినే నమ్ముకోవద్దు.

కెమెరా ఉంటే లైటును దాని వెనకో, పక్కనో పెట్టండి. ఎదురుగా పెడితే వచ్చినవాడు నల్లటి బొమ్మలా పడతాడు.

రాత్రిని మనతో పంచుకునే మిగతా ప్రాణుల గురించి కూడా రెండు మాటలు. చామంతి రాత్రి పొడుగును బట్టి మొగ్గ తొడుగుతుంది. పూత వెనక్కి జరగడానికి తోటల్లో రైతులు రాత్రిపూట బల్బులు వెలిగించేది అందుకే. పెరట్లో చామంతి మడి మీద రాత్రంతా లైటు పడితే పూలు రాలేదని మొక్కను తప్పుపట్టి లాభం లేదు. మన తీరంలో ఇసుక మీద గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవాళ్ళు జనవరి నుంచి మే దాకా ఇసుక వైపు లైటు పడకుండా చూస్తే, ఆ పిల్లలు రోడ్డు మీదకు రాకుండా నీళ్ళలోకి పోతాయి.

సంక్రాంతికి ఊరెళ్తుంటే ఎదురింటివాళ్ళకు చెప్పి వెళ్ళండి. ఆ సెన్సరు లైటు వెలిగినప్పుడు తిరిగి చూసే కళ్ళు వాళ్ళవే. తాళం వేసిన ఇళ్ళపై నిఘాకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్.హెచ్.ఎం.ఎస్. పద్ధతిలో, కోరినవారి ఇంట్లో కెమెరా పెడతారు. మీ ఊళ్ళో అది నడుస్తోందేమో స్టేషన్‌లో అడగండి.

పని పూర్తయ్యాక డబ్బులిచ్చే ముందు ఎలక్ట్రీషియన్ ఉండగానే ఆర్.సి.సి.బి. మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి. ఆ తర్వాత నెలకోసారి మీరే నొక్కి చూడండి. వానలకు ముందోసారి, సంక్రాంతి బూజులు దులిపేటప్పుడోసారి మెయిన్ ఆపి, అద్దాలు తడిగుడ్డతో తుడిచి, సెన్సరు ముందు సాలెగూళ్ళు తీయించండి.